చెయ్యి అందని మూల

వ్యాను బయల్దేరిందట, గంటలో వచ్చేస్తుందట, ఈలోపు నువ్వే అంతా చూసి ఒక మాట చెప్పక్కా, ఉంచుకోమంటే ఉంచుకుంటా, వద్దంటే అమ్మినవాళ్ళే ఎక్కించుకుపోతారు, ఇవాళ దాటితే మాత్రం ఇక వెనక్కి తీసుకోరు అని ఒక్క గుక్కలో అప్పజెప్పేసి, టీ పట్టుకొస్తానంటూ తమ్ముడు ఫ్లాస్కు చంకన పెట్టుకుని, ఆమె ముఖంలోకి చూడకుండానే వెళ్ళిపోయాడు. టీ కొట్టు సందు చివరే. దానికి ఫ్లాస్కు ఎందుకో, అంత తొందర ఎందుకో, పోతూ పోతూ తలుపు దగ్గరికి వేయడం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానివాటిని అలా వదిలేసే మనిషి కాదామె. కానీ ముందు చూడాల్సింది మిషను, మనిషి సంగతి తరవాత చూద్దాంలే అనుకుని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

ఆమెకూ ఒక పేరుంది గానీ పంపుల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. తయారైన ప్రతి ముక్కా చివరికి ఆమె బల్ల మీదికి రావాల్సిందే. ఆమె కొలిచి, వెలుతురుకు పెట్టి, వేలితో తడిమి, వద్దు అని ఎర్ర చుక్క పెట్టిందంటే ఆ ముక్క మళ్ళీ కొలిమి దారి పట్టాల్సిందే. వద్దు వద్దు అనీ అనీ వద్దమ్మ అయింది. ఉద్యోగం వదిలింది గానీ పేరు ఆమెను వదల్లేదు. ఇంట్లో ఆయన కూడా కొత్త చొక్కా కొనుక్కుంటే ముందు ఆమెకు చూపించడు, ఒకసారి ఉతికాక చూపిస్తాడు, అప్పుడైతే దుకాణానికి తిప్పి పంపడం కుదరదని ఆయన ధైర్యం. ఇప్పుడు ఈ తమ్ముడు చూడబోతే, విదేశం నుంచి వచ్చి వారమైన మిషనును వారమంతా చూపించకుండా దాచి, చివరి రోజు, చివరి గంటలో పిలిచాడు. వారం క్రితమే పిలిస్తే ఏం పోయేది? ఆ కోపం ఇంకా ఆమె ముక్కు మీదే ఉంది.

షెడ్డులో సున్నం వాసన ఇంకా పోలేదు. ఒకే కిటికీ, ఒకే దీపం, గోడకు ఆనించి లేతు మిషను. ఇనుప కడ్డీని పట్టుకుని గిరగిరా తిప్పుతూ ఉంటే ఉలి దాన్ని గుండ్రంగా చెక్కుతుంది, అంతే కదా దాని పని, ఆ మాత్రం పని సరిగ్గా చేస్తే ఒక ఇల్లు గడిచిపోతుంది. తమ్ముడు పెళ్ళికి ముందు నుంచీ ఇంకొకరి షెడ్డులో ఇంకొకరి మిషను తిప్పుతున్నాడు. తల నెరిసినవాణ్ణి పట్టుకుని ఆ యజమాని ఇప్పటికీ ఒరేయ్ అనే పిలుస్తాడు. ఈ మిషను ఇక్కడ ఉండిపోతే వచ్చే వారం నుంచి వాడికి ఒరేయ్ ఉండదు. వెనక్కి పోతే ఈ షెడ్డూ పోతుంది, వాడూ మళ్ళీ అక్కడికే పోతాడు. ఇది కూడా కాకపోతే ఇక ఆయన ఇంకో అడుగు వెయ్యరొదినా అని మరదలు పొద్దున ఫోన్లో అంది, ఏడవలేదు గానీ ఏడ్చినదానికంటే ఎక్కువగానే అంది. అలాగని చెడ్డదాన్ని మంచిదని ఎలా చెబుతుంది? రేపు ఆ మిషను చెక్కిన ముక్క ఎవరి పంపులోనో, ఎవరి బండిలోనో పడి విరిగితే, ఆ విరిగింది కూడా తమ్ముడి పేరే కదా. చూడాలి, చూసిందే చెప్పాలి.

చూసింది. పై మూత విప్పబోతే స్క్రూల తలలు అప్పటికే అరిగి ఉన్నాయి, విప్పకముందే అరిగాయంటే బిగించినవాడు ఏ సుత్తితో బిగించాడో. మూత తీస్తే లోపల ఇసుక. అచ్చులో పోత పోసినప్పటి ఇసుక, దులపకుండా, దాని మీదే రంగు వేసేశారు, ఆ రంగు పొక్కులుగా లేచి నూనెలో తేలుతోంది. వేళ్ళ మధ్య నలిపి చూసింది, సన్నటి ఇసుక, మంచి ఇసుకే, ఏ నది ఒడ్డుదో, సముద్రం దాటి ఇంత దూరం మిషను కడుపులో కూర్చుని వచ్చింది, దీనికి టిక్కెట్టు కూడా అడిగి ఉండరు. ఎదర పోతలో గుంట పడితే లప్పం పెట్టి, నున్నగా రుద్ది, పచ్చరంగు పూసి మసిపూసి మారేడుకాయ చేశారు, గోరుతో గీస్తే ఊడొచ్చింది. చక్రం తిప్పితే చుట్టూ గీసిన అంకెలు చక్రంతో పాటు తిరగకుండా వాటి దారిన అవి ఉన్నాయి. పైన నూనె పోయడానికి చిన్న రంధ్రం, దానికి ముచ్చటైన ఇత్తడి మూత, ఇదొక్కటైనా బాగుందిరా అనుకుని సన్నటి తీగ దూర్చి చూస్తే తీగ గోరంత లోతుకు పోయి ఆగిపోయింది. కింద దారి లేదు. రంధ్రం ఉండాలన్నారు, ఉంది, అది ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు కాబోలు. వద్దమ్మకు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఇంత శ్రద్ధగా మూత చేసినవాడికి, ఆ మూత కింద నూనె ఎటు పోతుందోనన్న అనుమానం ఒక్క క్షణమైనా రాలేదా?

కడ్డీని పట్టి తిప్పే తలభాగం పక్కన గుండ్రటి బంగారురంగు కాగితం అంటించి ఉంది. తనిఖీ అయినట్టు ముద్ర, మధ్యలో ఒక అంకె, అంటే అంకె ఉన్న మనిషి ఒకడు, లేదా ఒకత్తి, అక్కడ తనలాగే బల్ల ముందు కూర్చుని దీన్ని చూసి సరేనందన్నమాట. చూసిందా? చూడకుండా సరే అనేవాళ్ళు ఎలా ఉంటారో ఆమెకు తెలుసు, వాళ్ళ ముద్ర ఎప్పుడూ నిటారుగా పడుతుంది, చెయ్యి అలవాటుగా పోతుంది కాబట్టి. ఇది వంకరగా పడింది. ఇది వేసినామె ఒక నిమిషం ఆగింది. ఆగి, ఇసుకను చూసి ఉంటుంది, పక్కకు చూసి ఉంటుంది, వెనక నుంచి ఎవరో త్వరగా కానివ్వమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూ ఉంటారు, బయట ఓడ ఎక్కాల్సిన పెట్టెలు వరసగా నిలబడి ఉంటాయి. ఆమెకూ ఒక పేరు పెట్టి ఉంటారా అక్కడివాళ్ళు? సరేనమ్మ అనా? వాళ్ళ భాషలో సరే అన్నదాన్ని ఏమంటారో. ఇంటికెళ్ళి ఆమె కూరలు ఏరేటప్పుడు పుచ్చువంకాయను కూడా సరే అని తట్టలో వేసుకుంటుందా, లేక పగలంతా అనలేని వద్దులన్నీ అక్కడ ఒక్కసారిగా అంటుందా? వద్దమ్మకు ఆ మనిషిని ఒకసారి చూడాలనిపించింది, తిట్టడానికి కాదు, ఊరికే, పక్కన కూర్చుని, నీకేం కనపడింది తల్లీ అని అడగడానికి.

ఇక బెడ్డు ఒక్కటే మిగిలింది. బెడ్డంటే మిషనుకు వెన్నెముక, పొడుగునా రెండు ఇనుప పట్టాలు, ఉలిని మోసే బండి వాటి మీదే ముందుకీ వెనక్కీ జారుతుంది. అవి వంకరైతే తక్కినదంతా ఎంత బాగున్నా దండగే, తక్కినది ఇంత ఘోరంగా ఉంటే అవి మాత్రం ఏం బాగుంటాయిలే అనుకుంటూ, చెప్పబోయే వద్దును నోట్లో సిద్ధంగా పెట్టుకుని, బండిని చేత్తో తోసింది. బండి జారింది. గరగరమనలేదు, ఎక్కడా తట్టుకోలేదు, ఆడలేదు, నూనె రాసిన పీట మీద మజ్జిగ గిన్నె జారినట్టు ఆ చివరి వరకూ పోయి ఆగింది. ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. మళ్ళీ లాగింది, మళ్ళీ తోసింది. తరవాత దీపాన్ని కిందికి వంచి, చెంప దాదాపు ఇనుముకు ఆనించి ఏటవాలుగా చూసింది. పట్టాల నిండా చిన్న చిన్న గీకుడు మచ్చలు, నెలవంకల్లా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, ఒకదానికొకటి ఎడం కాకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు.

గీకుడు పని. ఇది చూసి ఎన్నాళ్ళయిందో. చదునైన ఇనుప పట్టీకి పల్చగా నీలం పూసి పట్టాల మీద రుద్దుతారు, ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ నీలం అంటుకుంటుంది, అంటిన చోటల్లా వెడల్పాటి ఉలితో సన్నగా, పొట్టు రాలినట్టు గీకుతారు. మళ్ళీ పూస్తారు, మళ్ళీ రుద్దుతారు, మళ్ళీ గీకుతారు. మొదట అక్కడో చుక్క ఇక్కడో చుక్క అంటిన నీలం చివరికి అన్నిచోట్లా సమంగా పరుచుకునేసరికి చేసేవాడి తలప్రాణం తోకకొస్తుంది. ఫ్యాక్టరీలో ఒక మేస్త్రీ ఉండేవాడు, పొట్ట ఊతంగా పెట్టి ఉలిని తోసేవాడు, భోజనాల వేళ ఆమె తన డబ్బా పట్టుకుని ఆయన బల్ల దగ్గరే కూర్చునేది, ఆయన ముక్కల మీద ఆమె ఎన్నడూ ఎర్ర చుక్క పెట్టలేదు, పెట్టాలని ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పేది, అప్పుడు వాడు బడికి పోయే పిల్లవాడు, మా ఫ్యాక్టరీలో ఇనుముకు చక్కిలిగింతలు పెట్టే ఆయన ఒకాయన ఉన్నాడురా అని. ఇనుము నవ్వుతుందా అక్కా అని వాడు అడిగేవాడు. నవ్వదుగానీ మెత్తబడుతుంది అని ఏదో చెప్పేది. ఆ మేస్త్రీ పోయాడు, ఆ పనీ పోయింది, ఇప్పుడంతా సానరాయి తిప్పి ఒకే ఊపులో అరగదీసేస్తారు. మరి ఇది ఎవరు గీకారు?

ఇసుక దులపని చోట, దారిలేని రంధ్రానికి మూతలు చేసే చోట, ఒక్క మనిషి ఇలా కూర్చుని గీకాడా? ఎవరో ఆయన, ముసలాయన అయి ఉంటాడు, ముసలాయనే ఎందుకు కావాలి, ఆడమనిషి కూడా కావచ్చు, నడుం వంచి, జుట్టు వెనక్కి బిగించి, పక్కవాళ్ళు నవ్వుతుంటే నవ్వనిచ్చి. ఏమ్మా, దీని మీద నూనె పులిమేస్తే ఎవరికి కనపడుతుంది, ఎందుకీ చాకిరి అని పైవాడు అంటే ఏం జవాబు చెప్పి ఉంటుంది? ఏమీ చెప్పి ఉండదు. ఇలాంటివాళ్ళు నీళ్ళు నమలరు, ఊరికే పని చేస్తారు. రోజుకు ఎన్నో మిషన్లు పోయేచోట దీనికొక్కదానికే ఎందుకు ఇంత ఓపిక? అన్నిటికీ ఇలాగే చేస్తే ఫ్యాక్టరీలో ఉంచరు, ఒక్కదానికే చేస్తే ఈ ఒక్కటి ఏం పుణ్యం చేసుకుంది? వద్దమ్మ వేలు ఒక్కొక్క మచ్చ మీదుగా పోతోంది. గుడ్డివాళ్ళు చదివినట్టు చదువుతోంది. మొదట్లో మచ్చలు కాస్త లోతు, భయం భయంగా, ఒకచోట ఉలి జారి చిన్న గీత, దాన్ని సరిచేయడానికి చుట్టూ మళ్ళీ గీకిన ఆనవాలు, పోను పోను చెయ్యి కుదిరింది, నడిమికి వచ్చేసరికి ఆ మేస్త్రీ చూసినా తల ఊపేలా ఉంది. అంటే ఈ మనిషి దీని మీదే నేర్చుకున్నాడు. అమ్మే మిషను మీద నేర్చుకోనిచ్చేది ఎవరు? చిత్రంగా ఉందే అనుకుంది, అనుకుని ఇంకా ముందుకు జరిగింది.

వెనక పట్టా, తలభాగం కిందికి పోయే చోట, గోడ వైపు మూల. అక్కడ మచ్చలు ఆగిపోయాయి. అరచేయంత మేర సానరాయి అరగదీసిన గరుకు అలాగే ఉంది. సరిగ్గా ఆఖరికి వచ్చి వదిలేశాడా? గంట కొట్టారేమో, షిఫ్టు అయిపోయిందేమో, లేచి చెయ్యి కడుక్కుని పోయాడేమో. కాదు, ఇంత చేసినవాడు అరచేయంత మిగిలి ఉండగా గంట వినడు. చెయ్యి అందలేదా? బల్ల మీద బెడ్డు ఒక్కటే పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ గీకేవాడికి ఏదో ఒక మూల అందకపోవడం ఏమిటి? అందకపోవాలంటే అప్పటికే ఈ తలభాగం పైన బిగించేసి ఉండాలి. తల బిగించాక ఎవరైనా గీకుతారా, బెడ్డు గీకాకే కదా ఏదైనా బిగించేది, ఏ దేశంలోనైనా అంతే కదా. పోనీ బిగించే ఉందనుకో, వెనక నుంచి వచ్చి గీకొచ్చుగా. ఆమె వెనక నుంచి రాబోయింది. భుజం గోడకు కొట్టుకుంది. ఇంకోలా వంగింది, మోచెయ్యి గోడకు తగిలి తెల్లటి సున్నం అంటుకుంది. సరిగ్గా మోచెయ్యి తగిలిన చోటే గోడ మీద అంతకు ముందే సున్నం రాలి ఉంది, ఒకసారి తగిలితే రాలినట్టు కాదు, మళ్ళీ మళ్ళీ రాసుకుంటే రాలినట్టు. అప్పుడు గానీ ముక్కుకు తగల్లేదు, మిషనంతా ఓడ ప్రయాణానికి పూసిన జిగురు గ్రీజు కంపు కొడుతుంటే, ఈ పట్టాలు మాత్రం ఈమధ్యే ఎవరో కడిగినట్టు కిరసనాయిలు వాసన వేస్తున్నాయి.

ఆమె అక్కడే, గోడకూ మిషనుకూ మధ్య చతికిలబడి కూర్చుంది. ఈ వారం అన్నం వేళకు ఇంటికి రావడమే లేదొదినా అని మరదలు చెప్పింది కదా, ఇంకేదో దిగులనుకుంది తను. సముద్రం అవతల ఎక్కడెక్కడో వెతికింది, ముసలాయన్ని చేసింది, ఆడమనిషిని చేసింది, పైవాణ్ణి తిట్టించింది, చివరికి టీకి వెళ్ళినవాడా? చిన్నప్పుడు వాడు బొంగరం తెచ్చేవాడు, చెక్కబండి తెచ్చేవాడు, అన్నీ స్నేహితుడు చేసినవే, మా స్నేహితుడు చేశాడక్కా ఎలా ఉంది అనేవాడు. బొంగరం ఆడుతోందిరా, మేకు నడిమికి లేదు అంటే తీసుకుపోయేవాడు. మళ్ళీ కొన్నాళ్ళకు తెచ్చేవాడు. చెక్కబండి చూసినప్పుడు మీవాడికి చెయ్యి తిరిగిందిరా అంది ఒకసారి, అన్నం తింటున్నవాడు అన్నం వదిలేసి బయటికి పరిగెత్తాడు, చెప్పడానికే పోయాడనుకుంది. ఆ స్నేహితుణ్ణి ఆమె ఒక్కసారైనా చూసిందా? ఎన్నడూ ఇంటికి రాలేదే. ఇన్నేళ్ళూ ఎవడు వాడు, ఎక్కడుంటాడు అని అడగాలని కూడా తోచలేదు, ఇంత ఆరా తీసే మనిషికి. చేసింది తమ్ముడని చూడకుండా అక్క పనిని చూడాలని, పనిని మాత్రమే చూసి చెప్పాలని, వాడు అప్పటినుంచీ ఒకే ఉపాయం పట్టుకుని ఉన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. దొంగవెధవ అని కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏది ముందు పడాలో తెలియక ముక్కు చీదుకుంది.

లేచి మళ్ళీ చూసింది. వాడిదని తెలిశాక తన కన్ను మారుతుందా అన్నది ఆమెకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. తప్పు దొరకాలనీ వెతికింది, దొరకకూడదనీ వెతికింది. జారిన గీత అక్కడే ఉంది, భయపడ్డ మచ్చలు అక్కడే ఉన్నాయి, కుదిరిన చెయ్యీ అక్కడే ఉంది, ఒక్కటీ పెరగలేదు, ఒక్కటీ తగ్గలేదు. బండి అంతే మెత్తగా జారింది. ఇసుక కడగొచ్చు. రంధ్రం కిందికంటా తొలవొచ్చు. చక్రం, స్క్రూలు మార్చొచ్చు. లప్పం లప్పమే, దాంతో పనేముంది. వెన్నెముక ఇలా ఉన్నదానికి తక్కినవన్నీ ఓపిక పనులే, ఓపిక ఉన్నవాడని ఇనుమే చెబుతోంది.

తలుపు కిర్రుమంది. తమ్ముడు ఫ్లాస్కుతో వచ్చాడు, గ్లాసుల్లో టీ పోశాడు, తన గ్లాసు ముట్టుకోలేదు.

"వ్యాను సందులోకి వచ్చిందక్కా. వెనక్కి తిప్పుకుంటున్నాడు. ఏం చెప్పమంటావు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇసుక, రంగు, లప్పం, అరిగిన స్క్రూలు, వాటి దారిన అవి ఉన్న అంకెలు, దారిలేని రంధ్రం, ఏదీ తగ్గించలేదు. వాడు ఒక్కొక్కదానికీ తల ఊపాడు. ఊపేకొద్దీ తల కిందికి దిగింది. అన్నీ వాడికి తెలిసినవే, అయినా అక్క నోట విన్నాక ముఖం వాడిపోయింది. టీ గ్లాసు వంక చూస్తూ, ఏదో మాటవరసకు అడుగుతున్నట్టు అడిగాడు.

"మరి... బెడ్డు చూశావా?"

"చూశాను."

"ఎవరో గీకినట్టున్నారు. అక్కడివాళ్ళు."

"అవును, ఎవరో గీకారు."

ఆమె టీ ఒక గుక్క తాగింది. వాడు ఇంకో మాట అడిగే ధైర్యం ఈ జన్మకు ఇక రాదనిపించేలా నిలబడ్డాడు. తలుపు పూర్తిగా తెరుచుకుంది, వ్యాను డ్రైవరు, వెనక తాళ్ళు భుజాన వేసుకుని ఇద్దరు కూలీలు.

"అమ్మా, ఇదేనా? ఎక్కించమంటారా?"

తమ్ముడు పక్కకు తప్పుకుని వాళ్ళకు దారి ఇచ్చాడు. వద్దమ్మ టీ ఆఖరి గుక్క తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మిషను కొసన చెయ్యి వేసింది.

"ఎక్కించడం లేదు బాబూ. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారు, తలా ఒక చెయ్యి వేసి దీన్ని గోడకు మూరెడు దూరం జరిపిపెట్టండి. వెనక మూలలో మా తమ్ముడికి చెయ్యి అందడం లేదు."